ఒక్క మాటతో నోరు మూయించేవాళ్లతో ఎలా వాదించాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రాజకీయ వాదనల్లో వాడే తిట్ల గురించే. పత్రిక డెస్కులో చాలాకాలం పనిచేసినదాన్ని కాబట్టి వీటికి నేనే జవాబు రాస్తానని అడిగి తీసుకున్నాను.

ప్రశ్న: ఆస్తి పన్ను పెంచితే చివరికి అద్దెకుండేవాళ్ల మీదే భారం పడుతుందేమోనని మా తమ్ముడితో అన్నాను. "నువ్వు డబ్బున్నవాళ్ల తొత్తువి" అన్నాడు. నేనూ ఊరుకోలేదు, "నువ్వు మీ పార్టీకి గుడ్డి భక్తుడివి" అన్నాను. ఇప్పుడు ఇద్దరికీ మాటల్లేవు. ఇలాంటప్పుడు ఏమనాలి?
*– ఒక పాఠకురాలు*

మీ పోట్లాటలో ముందు మాయమైంది పన్నే. ఇంటి యజమాని పెరిగిన పన్నును అద్దెలో కలిపేస్తాడా? ఊళ్లో ఖాళీ ఇళ్లు చాలా ఉంటే కలపగలడా? ఇద్దరూ గంటసేపు వాదించుకోవడానికి సరిపడా సరుకుంది ఇందులో. "తొత్తు" అన్న మాట పడేసరికి ఇదంతా పోయి, మీరెవరి మనిషి అనేదే మిగిలింది. మీరన్న "గుడ్డి భక్తుడు" కూడా అదే పని చేసింది.

డెస్కు మీద మాకు రాజకీయ ప్రకటనలు కట్టలుగా వచ్చేవి. ఫలానా నాయకుణ్ణి ఇంకో నాయకుడు "ప్రజాద్రోహి" అన్నాడని విలేకరి రాసి పంపితే, ఫోన్ చేసి "ఏం చేశాడని అన్నాడయ్యా?" అని అడిగేదాన్ని. "అది చెప్పలేదు మేడమ్" అనేవాడు, చాలాసార్లు. ఆ వార్త లోపలి పేజీలో రెండు లైన్లకు కుదించుకుపోయేది. ఎప్పుడైనా "రోడ్డు కాంట్రాక్టు బావమరిదికి ఇప్పించాడని ఆరోపించాడు, కాగితాలు కూడా చూపించాడు" అంటే అది వార్త. అప్పుడిక ద్రోహి అన్న మాట ఉన్నా లేకపోయినా ఒకటే.

మీ తమ్ముణ్ణీ అదే అడగండి. "నేనన్నదాంట్లో ఏది డబ్బున్నవాళ్లకు లాభం చేస్తుందో చెప్పు." వెటకారం లేకుండా అడగాలి సుమా. చెప్పాడంటే మళ్లీ పన్ను దగ్గరికి వచ్చినట్టే. "నేను తొత్తును కాను" అని మాత్రం మొదలుపెట్టకండి. కాదని దేంతో నిరూపిస్తారు? బ్యాంకు పాస్‌బుక్ చూపిస్తారా?

కాదని నిరూపించుకోవాల్సిన ఆ అవస్థ ఎంత దూరం పోగలదో అమెరికాలో సెనేటర్ జోసెఫ్ మెకార్తీ చూపించాడు. 1950 ఫిబ్రవరి 9న వీలింగ్ అనే ఊళ్లో మాట్లాడుతూ, విదేశాంగ శాఖలో పనిచేస్తున్న 205 మంది కమ్యూనిస్టుల (అప్పట్లో అక్కడ ఆ మాట ద్రోహి అన్నట్టే) జాబితా తన చేతిలో ఉందన్నాడని పత్రికల్లో వచ్చింది. కొద్దిరోజులకే ఆ అంకె 57 అయింది. అదే నెలలో సెనేట్‌లో 81 కేసులన్నాడు. అంకె అలా మారుతూ ఉన్నా అనుమానం తగిలినవాళ్లు మాత్రం ఏళ్లతరబడి సంజాయిషీలు చెప్పుకుంటూనే ఉన్నారు. 1954 డిసెంబర్ 2న సెనేట్ 67–22 ఓట్లతో అతని ప్రవర్తనను ఖండించింది. (ఆధారం లేకుండా ద్రోహి ముద్ర వేయడాన్ని అతని పేరుతోనే మెకార్తీయిజం అంటారు. ఇప్పుడు అదే ఒక తిట్టు. దాన్నీ ఆధారం లేకుండా విసిరేవాళ్లు తక్కువేమీ కాదు.)

ఇంకొకటి గమనించండి. ఇలాంటి మాట చాలాసార్లు మిమ్మల్ని ఉద్దేశించి అన్నట్టే ఉంటుంది గానీ, గురి పక్కన వింటున్నవాళ్ల మీద ఉంటుంది. "ఈవిడ చెప్పేది పట్టించుకోకండి" అని వాళ్లకు చెప్పడమన్నమాట. 1937లో న్యూయార్క్‌లో ప్రచారపు ఎత్తుగడలను విశ్లేషించడానికి ఒక సంస్థ పెట్టారు. వాళ్లు తయారుచేసిన ఏడు ఎత్తుగడల జాబితాలో మొట్టమొదటిది ఇదే: చెడ్డపేరు తగిలించి, ఆధారం అడగకుండానే జనం తోసిపుచ్చేలా చేయడం. కాబట్టి నలుగురి ముందు నిలదీస్తే మీ తమ్ముడు తగ్గడు, తగ్గితే వాళ్ల ముందు చులకనవుతాడు. ఇద్దరే ఉన్నప్పుడు అడగండి. మీరన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని మీరే ముందు చెబితే పని ఇంకా సులువు.

ప్రశ్న: అయితే గట్టి మాట అసలు వాడకూడదా? అబద్ధాలాడేవాణ్ణి అబద్ధాలకోరు అనకపోతే ఇంకేమనాలి?
*– డిగ్రీ విద్యార్థి*

వాడొచ్చు. ఇటలీ నియంత ముస్సోలినీ 1921లో తన పార్టీకి నేషనల్ ఫాసిస్ట్ పార్టీ అని తనే పేరు పెట్టుకున్నాడు. అందులో ఉన్నవాణ్ణి ఫాసిస్టు అంటే అది వివరమే. చిక్కల్లా, మనకు నచ్చని ప్రతి అధికారినీ, గట్టిగా మాట్లాడే ప్రతి మేనేజర్‌నీ అదే మాటతో పిలవడం దగ్గర వస్తుంది.

మర్యాద పేరుతో గట్టి మాటను పూర్తిగా నిషేధించడం కూడా నాకు నచ్చదు. బ్రిటిష్ పార్లమెంటులో సాటి సభ్యుడు అబద్ధమాడాడని నిందించకూడదు. 2021 జూలైలో డాన్ బట్లర్ అనే ఎంపీ, ప్రధాని బోరిస్ జాన్సన్ సభకూ దేశానికీ పదేపదే అబద్ధాలు చెప్పారన్నారు. మాట వెనక్కి తీసుకోమంటే ఒప్పుకోలేదు. ఆ రోజుకు ఆమెను సభ నుంచి బయటికి పంపేశారు. ప్రధాని చెప్పింది నిజమా కాదా అన్నది అక్కడ ఎవరూ తేల్చలేదు. ఆ నియమం మాటను పట్టుకుంటుంది, అబద్ధాన్ని పట్టుకోదు. మన ఇళ్లల్లోనూ అంతే, "అలా మాట్లాడొద్దు" అని పెద్దవాళ్లు సర్దేస్తారు, అసలు విషయం అలాగే ఉండిపోతుంది. తమ మీద వచ్చిన నిజమైన ఆరోపణకు జవాబివ్వకుండా, "చూశారా, నన్ను తిడుతున్నారు" అని తప్పించుకునేవాళ్లూ ఉన్నారు.

నేను పాటించింది ఒకటే. ఎప్పుడు ఏమన్నాడు, రికార్డులో ఏముంది, ఈ రెండూ పక్కపక్కన రాయడం. తర్వాత అబద్ధం అన్న మాట రాసినా తప్పులేదు. అబద్ధాలకోరు అని రాయాలంటే మాత్రం ఒక్క మాట చాలదు, అలాంటివి వరసగా చూపించాలి.

ప్రశ్న: ప్రభుత్వం పెట్టిన పేరే వాడితే ఎవరి పక్షం వహించనట్టేనా?
*– ఒక ఉపాధ్యాయుడు*

కాదండీ. బ్రిటన్‌లో ప్రధాని మార్గరెట్ థాచర్ ప్రభుత్వం 1989లో స్కాట్లాండ్‌లో, 1990లో ఇంగ్లండ్, వేల్స్‌లలో కొత్త స్థానిక పన్ను తెచ్చింది. పెట్టిన పేరు కమ్యూనిటీ ఛార్జ్. ఇంటి విలువతో నిమిత్తం లేకుండా, ఒక ప్రాంతంలో పెద్దవాళ్లందరికీ తలకింత చొప్పున ఒకే మొత్తం. పేదలకూ విద్యార్థులకూ కొంత తగ్గింపు ఉండేది. జనం దాన్ని పోల్ టాక్స్ అన్నారు (ఇక్కడ పోల్ అంటే ఓటు కాదు, తల). 1381లో ఇంగ్లండ్ రైతులు తిరగబడింది పోల్ టాక్స్ మీదే, కాబట్టి ఆ పేరులోనే తిరుగుబాటు సెగ ఉంది. అయినా ఏ పేరు వింటే పన్ను ఎలా వేస్తారో తెలుస్తుంది? జనం పెట్టిందే. సర్కారు పేరు చెవికి ఇంపుగా ఉంది, అంతకుమించి ఏమీ చెప్పదు. చివరికి 1993లో దాన్ని తీసేసి కౌన్సిల్ టాక్స్ తెచ్చారు.

క్లాసులో చెప్పేటప్పుడు ముందు "తలకింత చొప్పున వేసే పన్ను" అని వివరించండి. ఆ తర్వాత ఎవరు ఏ పేరుతో పిలిచారో, ఎందుకో పిల్లల్నే అడగండి.

ప్రశ్న: తిట్టిన పేరునే మనం గర్వంగా పెట్టుకుంటే?
*– పేరు రాయని పాఠకుడు*

కొన్నిసార్లు పనిచేసింది. ఓటు హక్కు కోసం పోరాడుతున్న బ్రిటిష్ మహిళలను వెక్కిరిస్తూ 1906లో డైలీ మెయిల్ సఫ్రజెట్ అనే మాట పుట్టించింది. వాళ్లు దాన్నే తమ పేరు చేసుకుని, 1912లో తమ పత్రికకూ అదే పేరు పెట్టారు. వెనక ఒక ఉద్యమం ఉంది కాబట్టి అది సాగింది. ఆఫీసులో ఒక్కరే ఉన్నప్పుడు ఇలా చేస్తే, పై పాఠకురాలికి చెప్పినట్టు, పక్కన వింటున్నవాళ్లు మీరు నేరం ఒప్పుకున్నారనే అనుకుంటారు.