ఆరేళ్ల పిల్లికి గోళ్లు తీయించొచ్చా?

మీ ఆరేళ్ల పిల్లి కొత్త సోఫా చీరేస్తోందనీ, మీవారు డిక్లా (గోళ్లు తీసేసే ఆపరేషన్) చేయించేద్దాం అంటున్నారనీ రాశారు. నన్నడిగితే వద్దండి.

గోరు పీకేయడమే కదా అని నేనూ అనుకునేదాన్ని. పిల్లి గోరు వేలి చివరి ఎముకలోంచి పెరుగుతుంది, అందుకని ఆ ఎముకనే కీలు దగ్గర కోసేస్తారు. ముందు కాళ్లకే పది వేళ్లు.

మా మొదటి పిల్లికి పాత ఓనర్లు అలా చేయించేశారు. వాళ్లు ఇండియా వెళ్లిపోతూ మాకిచ్చారు. లిట్టర్ బాక్స్‌లో (పిల్లి దొడ్డికి వెళ్లే పెట్టె) కాలు పెట్టేది, చప్పున లాక్కుని పాదం విదిలించేది, వెళ్లి బాత్రూం మ్యాట్ మీద పోసేది. గులకల్లాంటి ఆ లిట్టర్ పాదాలకు గుచ్చుకుంటోందని వెట్ (జంతువుల డాక్టరు) చెప్పారు. మెత్తటి కాగితం లిట్టర్‌తో కొంత నయమైంది. ఎత్తుకోబోతే కరవడం మాత్రం పోలేదు. గోళ్లు పోయాక దానికి మిగిలింది పళ్లేగా!

రెండోదాన్ని నాలుగేళ్లప్పుడు గోళ్లతోనే తెచ్చుకున్నాం. వారం తిరక్కుండా సోఫా చేయి దారాలు దారాలుగా వేలాడింది. మొదట కొన్న పొట్టి స్క్రాచింగ్ పోస్ట్ (పిల్లి గోక్కునే స్తంభం) దండగ. పిల్లి ఒళ్లంతా సాగదీసి గోకుతుంది, కాబట్టి మూడడుగులు ఉండాలి, ఊగకూడదు. సైసల్ తాడు (గరుకు నార తాడు) చుట్టినది తెచ్చి, అది గోకే సోఫా చేయి పక్కనే పెట్టాను. హాలు అందం పోయిందని మా అత్తగారు ఇప్పటికీ సణుగుతారు. సోఫాకి డబుల్ సైడెడ్ టేపు (రెండు పక్కలా జిగురుండేది) వేశాను. మూడు వారాలకి పోస్ట్‌కి అలవాటు పడింది.

రెండు వారాలకోసారి, నిద్రమత్తులో ఉన్నప్పుడు గోళ్లు కత్తిరిస్తాను. వేలు మెల్లగా నొక్కితే గోరు బయటికొస్తుంది. లోపల గులాబీ రంగు కనిపించే చోటు జోలికి పోకుండా కొన మాత్రం తీయాలి. మొదట్లో రోజుకి రెండు గోళ్లే. అతికించే ప్లాస్టిక్ తొడుగులూ దొరుకుతాయి, నాలుగైదు వారాలు ఉంటాయంటారు. మాది రెండ్రోజుల్లో నమిలి ఉమ్మేసింది, మీది ఊరుకుంటుందేమో చూడండి.

న్యూయార్క్ 2019లో, మేరీలాండ్ 2022లో డిక్లా నిషేధించాయి. మీ టెక్సాస్‌లో రాష్ట్రమంతటికీ అలాంటి చట్టం లేదు కాబట్టి ఒప్పుకునే డాక్టరు దొరకొచ్చు. ఎముక వదిలేసి గోరును కదిలించే స్నాయువు కోస్తామంటే దానికీ ఒప్పుకోకండి. గోరు పెరుగుతూనే ఉంటుంది, జీవితాంతం మీరే కత్తిరించాలి.

అన్నట్టు, కొనేముందు ఓ రెండ్రోజులు గమనించండి. సోఫాతో పాటు కార్పెట్ కూడా గోకుతుంటే నేల మీద పరిచే అట్ట స్క్రాచర్ ఒకటి కలపండి, చవకే.