మాటల మూలాలు: నారింజలో ‘న’ను ఎవరు మింగారు?

ప్రశ్న: మా పాప స్కూల్లో ఫ్రెంచ్ తీసుకుంది. ‘ఆరెంజ్’ మన వైపు నుంచే వెళ్లిన మాటని, ఇంగ్లీషువాళ్లు ‘ఎ నారెంజ్’ని ‘ఆన్ ఆరెంజ్’గా విరిచేసరికి ‘న’ పోయిందని వాళ్ల టీచరుగారు చెప్పారట. నిజమేనా? యూరప్ అంతటా ఇదే మాటా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: మాట ఇటు నుంచే వెళ్లింది. ‘న’ పోయిన పాపం మాత్రం ఇంగ్లీషుది కాదు.

సంస్కృతంలో నారంగం. దాని వెనక ద్రావిడ మాట ఉందని ఎక్కువమంది భాషావేత్తల అభిప్రాయం. తమిళ నార్తంగాయ్, మలయాళ నారంగ ఆ కుదురువే. (నాగం అంటే ఏనుగు అనే అర్థమూ ఉంది కాబట్టి అమరకోశంలోని ‘నాగరంగం’ పట్టుకుని ఏనుగుల కథలు చెబుతుంటారు. అవి తర్వాత అల్లినవి, పక్కన పెట్టండి.) పర్షియన్‌లో అది నారంగ్, అరబ్బీలో నారంజ్. అరబ్బులు ఈ చెట్టును స్పెయిన్‌కూ సిసిలీకీ చేర్చారు. స్పానిష్ ‘నరాంహా’లో, హంగేరియన్ ‘నరాంచ్’లో ‘న’ ఇప్పటికీ పదిలం. పోర్చుగీసులో అది ‘ల’ అయి ‘లరాంజ’ వచ్చింది.

చిక్కు ఇటలీ, ఫ్రాన్సుల్లో వచ్చింది. అక్కడ పేరుకు ముందు పెట్టే ‘ఒక’ అనే మాట ‘ఉన్, ఉనా’. ‘ఉనా నరాంచా’ అంటుంటే రెండు ‘న’లు ఒకదాని పక్కన ఒకటి పడతాయి, వినేవాళ్లు రెండోదాన్ని మొదటి మాటలో కలిపేసుకున్నారు. మిగిలింది ‘అరాంచా’. వెనిస్ మాండలికంలో మాత్రం ‘న’ నిలిచింది. ఫ్రెంచిలో పైగా ‘అ’ కాస్తా ‘ఒ’ అయింది. బంగారాన్ని వాళ్లు ‘ఒర్’ అంటారు, పండు రంగు చూసి ఆ ధ్వని తగిలించుకున్నారని వివరణ. 14వ శతాబ్దంలో ఇంగ్లీషు ఈ మాట తీసుకునేనాటికే ‘న’ లేదు. ఇంగ్లీషు సొంతంగా పోగొట్టుకున్న ‘న’లు వేరే ఉన్నాయి: నేప్రన్ ఏప్రన్ అయింది, నాడర్ (ఒక రకం పాము) ఆడర్ అయింది. ‘ఆన్ ఎక్‌నేమ్’ విరుపు తప్పి ‘ఎ నిక్‌నేమ్’ అయినప్పుడు ‘న’ అదనంగా వచ్చి చేరింది. సంధి తప్పు విడదీస్తే మనకు మార్కులు పోతాయి, వాళ్లకు ఏకంగా కొత్త మాటలే పుట్టాయి!

ఇక రెండో ప్రశ్న. ఇక్కడ చాలామంది పొరబడతారు, ఎందుకంటే ఏ పండు అని అడగరు. అరబ్బులు తెచ్చింది పుల్లటి, చేదు నారింజ. తియ్యటిది బాగా తర్వాత, 15వ శతాబ్దం చివర, 16వ శతాబ్దంలో పోర్చుగీసు వ్యాపారం వల్ల వ్యాపించింది. అందుకే గ్రీకులో ‘పోర్తోకాలి’, రుమేనియన్‌లో ‘పోర్తొకాలా’, టర్కిష్‌లో ‘పోర్తకాల్’: అన్నీ పోర్చుగల్ పేరే. గ్రీకులు పుల్లదానికి పాత పేరు ‘నెరాంజి’ అలాగే ఉంచుకున్నారు. ఒక్క భాషలోనే రెండు రాకడలూ కనిపిస్తాయి. ఉత్తర యూరప్ వాళ్లు ఈ పండును చైనా ఆపిల్ అన్నారు: డచ్‌లో ‘సీనాస్‌ఆపెల్’, జర్మన్‌లో ‘ఆప్ఫెల్జీనె’, రష్యన్‌లో ‘అపెల్సీన్’. కాబట్టి యూరప్‌లో ఒక్క మాట కాదు, మూడు.

ప్రశ్న: నెదర్లాండ్స్ రాజవంశం పేరు ఆరెంజ్. పండు పేరేనా?
– ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: కాదు. దక్షిణ ఫ్రాన్సులో ఆరెంజ్ అనే ఊరుంది, రోమన్ల కాలంలో దాని పేరు అరౌసియో. ఆ సంస్థానం 1544లో ఈ రాజవంశపు మూలపురుషుడు విలియమ్‌కు వారసత్వంగా వచ్చింది. ఊరి పేరూ పండు పేరూ పలకడానికి ఒకేలా తయారవడంతో ఆ వంశానికి రంగు అంటుకుంది. తమాషా ఏమిటంటే డచ్‌వాళ్లు రంగును ‘ఒరాన్యె’ అంటారు, పండు మాత్రం చైనా ఆపిలే.

ప్రశ్న: కోయంబేడులో నార్తంగాయ్ అడిగితే ఆరెంజ్ ఇస్తారా?
– ఒక గృహిణి, విల్లివాక్కం

జవాబు: ఇవ్వరు. తోలు మందంగా, పుల్లగా ఉండే కాయ ఇస్తారు, మన నారదబ్బ లాంటిది. ఇక్కడివాళ్లు దాన్ని చుట్టలుగా కోసి, ఉప్పు దట్టించి, ఎండబెట్టి ఊరగాయ పెడతారు. రసానికి బత్తాయి కావాలంటే ‘సాత్తుక్కుడి’ అనండి. తొక్క సులువుగా ఊడే తియ్యటి పండు కావాలంటే ‘కమలా ఆరంజు’. మలయాళీ హోటల్లో ‘నారంగ వెళ్ళం’ కనిపించి ఆరెంజ్ జ్యూసనుకుని తెప్పించుకునేరు, వచ్చేది నిమ్మరసం.