మాటా బొమ్మా ఒకటే చెప్తే

విశాఖపట్నం

చిరంజీవి హారికకు,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు రాసి, తమ్ముడు బొమ్మలేసిన మీ కామిక్ పుస్తకం మొదటి పన్నెండు పేజీలూ చూశాను. అమ్మమ్మ, మనవడు, సంచీలో పీత, ఊరంతా తిరుగుడు... సరుకుంది. కానీ చదువుతుంటే పెదవి కదులుతోందే గానీ పొట్ట కదలడం లేదు. కారణం ఏడో పేజీలో దొరికింది.

కైలాసగిరి రోప్‌వే ప్యానెల్, అదే ఆ బొమ్మ గడి, తీసి చూడు. పైన వ్యాఖ్యానం: "అమ్మమ్మకు చాలా భయం వేసింది." ఆవిడ నోట: "అమ్మో, భయంగా ఉంది!" బొమ్మలో కళ్లు మూసుకుని వణుకుతోంది. ఒకే సంగతి ముచ్చటగా మూడుసార్లు. వ్యాఖ్యానం కొట్టెయ్. అమ్మమ్మ చేత "నాకేటి భయం? నువ్వే గట్టిగా పట్టుకో" అనిపించు. తమ్ముడు ఆవిడ రెండు చేతులూ మనవడి చొక్కా కాలర్ పిసికేస్తున్నట్టు, వాడి నాలుక బయటికొచ్చినట్టు వెయ్యాలి. మాట ఒకటి చెప్తుంటే బొమ్మ దాని గుట్టు విప్పేస్తుంది. ఆ అబద్ధాన్ని తనే పట్టేశానని ఎనిమిదేళ్ల పిల్లకి గర్వం. నవ్వొచ్చేది అక్కడే. అందుకని స్క్రిప్టులో ప్రతి ప్యానెల్‌కీ రెండు వరుసలు పెట్టుకో: ఏం కనిపిస్తుంది, ఏం వినిపిస్తుంది. రెండూ ఒకటే అయితే వినిపించేది తీసెయ్. ఈ కోతలో ముందు పోయేవి నీ వాక్యాలే, తమ్ముడి మీద అలగకు.

ఇక పీత సంగతి. "సంచీలో ఏదో కదుల్తోంది" అని మనవడు అనడం, పీత దూకడం రెండూ తొమ్మిదో పేజీలోనే పెట్టారు. పేజీ తెరవగానే కన్ను నేరుగా పీత మీదికే పోతుంది, ప్రశ్న తర్వాత చదువుతారు. పుస్తకంలో ఒకటో పేజీ కుడివైపు పడుతుంది కాబట్టి బేసి పేజీలన్నీ కుడివైపే. బేసి పేజీ చివరి ప్యానెల్ దగ్గర పిల్లల వేలు కాగితం అంచు మీద ఉంటుంది. అక్కడ సంచీ కదలాలి. పేజీ తిప్పాక, పదో పేజీ సగం మేర పీత గాల్లో ఉండాలి. ఇంకో జాగ్రత్త: తర్వాతెప్పుడో మధ్యలో ఒక పేజీ కలిపితే, అక్కడి నుంచి ఈ అమరికంతా తలకిందులవుతుంది. కలిపితే రెండు కలపండి, తీస్తే రెండు తీయండి.

పీత ఎవరెవర్ని కరవాలన్నది కూడా ఆలోచించాలి. మీ కథలో అయిదుగుర్ని వరసగా కరిచింది, అయిదూ ఒకేలా ఉన్నాయి. ఏడు చేపల కథ మన పిల్లలకి ఎందుకు విసుగు పుట్టదో చూడు. ప్రశ్న తీరు మారదు, జవాబిచ్చేవాళ్లు మారుతుంటారు, చివర చీమ ఎదురుప్రశ్న వేస్తుంది. అలాగే ఇద్దర్ని ఒకే తీరున కరవనివ్వండి, మూడోసారి అమ్మమ్మే పీతని కరవబోవాలి. మిగతా రెండు కరుపులు దాచుకోండి, ముప్పయ్యో పేజీలో పనికొస్తాయి.

లెక్కలు నీకు నచ్చవు గానీ వేసుకోక తప్పదు. పదహారు పేజీల ఫారాలు (అచ్చుకాగితం మడిస్తే వచ్చే కట్టలు) మూడైతే 48 పేజీలు. టైటిల్, ప్రచురణ వివరాలు, వెనక పేజీ వగైరాకి నాలుగు పోతే కథకి 44. పేజీకి సగటున అయిదు ప్యానెళ్లు, అంటే 220 బొమ్మలు. పెన్సిలూ ఇంకూ కలిపి పేజీకి రెండు రోజులు పట్టిందనుకో, 88 రోజులు. కాలేజీ ఉండి తమ్ముడికి శని, ఆదివారాలే దొరికితే 44 వారాలు. రంగులు, అక్షరాలు వేరే. అన్ని నెలలు గీశాక "ఈ సీను బాగోలేదు" అనుకుంటే ఎవరి మొహం ఎవరు చూస్తారు? అందుకే మొత్తం 44 పేజీలూ ముందు అగ్గిపెట్టెలంత థంబ్‌నెయిల్స్‌గా, పుల్లల మనుషులతో గీసెయ్యాలి. మీరు మొదటి పన్నెండు పేజీలకీ ఏకంగా రంగులు కూడా వేసేశారు. రంగు పడిన బొమ్మని మార్చడానికి ఎవరికీ చెయ్యి రాదు, అదే ప్రమాదం.

మాటలు రాసే బెలూన్ల దగ్గరే తెలుగు పుస్తకాలు ఎక్కువ పాడవుతాయి. మన మాటలు పొడుగు. "వెళ్లిపోవాలనుకుంటున్నానంటే" అన్నది ఒకే ముక్క, ఇరుకు బెలూన్లో దాన్ని విరిచారంటే చదివే పిల్ల ఆగిపోతుంది. బెలూనుకి పన్నెండు పదిహేను మాటలు, ప్యానెల్‌కి రెండు బెలూన్లు దాటనివ్వకు. పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి అక్షరం 12 పాయింట్లయితే వరసకి 17, 18 పాయింట్ల చోటివ్వాలి. లేకపోతే "రాష్ట్రం"లోని వత్తులు కింది వరస గుడుల్ని గుద్దుకుంటాయి. మనకి పెద్దబడి చిన్నబడి అక్షరాల్లేవు గనక అరుపుని సైజుతోనే చూపించాలి. ముందు మాట్లాడేవాళ్లు ఎడమవైపు ఉండాలి. తమ్ముడు నాలుగో పేజీలో జవాబు చెప్పే మనవణ్ణి ఎడమవైపు వేశాడు, అందుకే బెలూన్ల తోకలు ఒకదాన్నొకటి దాటుకుంటున్నాయి. మాటలు థంబ్‌నెయిల్‌లోనే రాసుకుంటే ఈ చిక్కు రాదు.

చప్పుళ్లు మాత్రం ఫాంటులో కొట్టొద్దు, చేత్తో రాయండి. ధభేల్, బుడుంగు, టపటపా, గిర్రున, సర్రున... ఇంత ఆస్తి పెట్టుకుని "బూమ్" అని అప్పు తెచ్చుకోవడం దేనికి? "బుడుంగు"లో చివరి అక్షరం నీళ్లలో సగం మునిగి ఉంటే అదో బొమ్మ.

భాష గురించి నాకో పట్టుదల ఉంది. మన గుంటడు "ఏటి" అంటే నవ్వు, హీరో పుస్తకం భాష మాట్లాడితే గౌరవం అన్న పద్ధతి నాకు గిట్టదు. మన యాసని తెలివైన అమ్మమ్మకే ఇచ్చావు, బాగుంది. అలాగే ఉంచు. వ్యావహారికం కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన ఉత్తరాంధ్రలో కూర్చుని బెలూన్లో "నేను వచ్చుచున్నాను" రాస్తే బాగోదు. లావు మావయ్య మీద జోకు తీసెయ్. ఆయన పిసినారితనం మీద వెయ్యి, దానికి ఆయన బాధ్యుడు.

తమ్ముడికి రెండు మాటలు. ప్రతి పాత్రకీ ముందు, పక్క, వెనక భంగిమలు, ఎనిమిది ముఖకవళికలు ఒక కాగితం మీద గీసి గోడకి అంటించుకో. అది లేకే మనవడు రెండో పేజీలో మూడు తలల పొడుగు, పదకొండులో నాలుగు. రెండు పేజీల మధ్య మడత మీద మొహం రానివ్వకు. వానాకాలం మన సముద్రపు గాలికి కాగితం తేమ పట్టి ఇంకు పాకుతుంది, షీట్లు ప్లాస్టిక్ కవర్లో బల్లపరుపుగా ఉంచు.

పాత ఫొటోషాప్‌లో తెలుగు వత్తులు విడిపోతే అది ఫాంటు తప్పు కాకపోవచ్చు. టైప్ ప్రిఫరెన్సెస్‌లో మన లిపులకి కావలసిన వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టాలి. పేజీలు కూర్చే డీటీపీ వాళ్లు యూనికోడ్‌ని (ఫోన్లో కొట్టే మామూలు తెలుగుని) తమ పాత అను ఫాంట్లలోకి మారిస్తే అక్షరాలు చెదరొచ్చు, ప్రతి బెలూనూ మళ్లీ చదువు. గీతలు 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చెయ్యండి, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కోతలో పోయే అంచు, వదలండి. అక్షరాలు ఒట్టి నలుపులోనే ఉండాలి. నాలుగు రంగులు కలిపిన నలుపు ప్రెస్సులో వెంట్రుకవాసి జరిగినా చిన్న అక్షరం మసకవుతుంది. ఆర్కే బీచ్ పేజీలో ఆ మెరిసే నీలం స్క్రీన్ మీదే, అచ్చులో చప్పబడుతుంది. ప్రూఫ్ (అచ్చు నమూనా) చూశాకే ఖాయం చెయ్యండి.

ఇప్పుడు రంగులు ఆపేసి మిగతా పేజీల థంబ్‌నెయిల్స్ పూర్తి చెయ్యండి. వాటిని మూడు, నాలుగు తరగతుల పిల్లలు అయిదారుగురికి ఇవ్వండి, మన ఇంటివాళ్లకి కాదు. మీరు నోరు మెదపకూడదు. ఎక్కడ నవ్వారో పేజీ నంబరు రాసుకోండి. ఎక్కడ వెనక్కి తిప్పి చూశారో అక్కడ వాళ్లకి అర్థం కాలేదన్నమాట, అది కూడా రాయండి. ఆ కాగితం పట్టుకుని ఆదివారం పొద్దున్నే రండి. పీత పేజీ ముందు చూద్దాం.

పెదనాన్న