ఇంట్లో దూరిన పొన్నంకి పిట్ట

ప్రశ్న: అక్టోబరులో ఒకరోజు పొద్దున్నే మా వరండాలో గోడ వారగా రంగురంగుల పిట్ట ఒకటి ముడుచుకుని కూర్చుంది. వీపు ఆకుపచ్చ, కళ్ల మీదుగా నల్ల పట్టీ, తోక కింద ఎరుపు. తోకా, ఉందో లేదో అన్నంత పొట్టి. ముక్కులో నీళ్లు పోశాం. మధ్యాహ్నానికి చనిపోయింది. మా పొరపాటేమిటి?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: అది పొన్నంకి పిట్ట. హిందీలో నవరంగ్. హిమాలయాల దిగువనా, మధ్య భారతపు అడవుల్లోనూ వానాకాలంలో పిల్లల్ని చేసి, చలికాలానికి దక్షిణాదికీ శ్రీలంకకీ దిగుతుంది. ప్రయాణమంతా రాత్రిపూటే. ఊళ్ల దీపాలకు దారి తప్పుతుంది. అద్దంలో కనబడే చెట్టును నిజం చెట్టనుకుని గుద్దుకుంటుంది. బరువు కోడిగుడ్డంత, 50-60 గ్రాములు. పైకి గాయం లేకపోయినా తలలో దెబ్బ తగిలి ఉండొచ్చు. నీళ్లు పోయడం మాత్రం తప్పే. సొమ్మసిల్లిన పిట్టకు అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తిండీ పెట్టొద్దు.

ఇంకోసారి దొరికితే పల్చటి గుడ్డ కప్పి రెండు చేతులతో తీసి, చెప్పుల అట్టపెట్టెలో పెట్టండి. పెట్టెకు ముందే నాలుగైదు చిల్లులు పొడవాలి, అడుగున పాత నూలుగుడ్డ పరవాలి. తువ్వాలు వద్దు, దాని పోగుల్లో గోళ్లు చిక్కుకుంటాయి. మూత వేసి, ఫ్యానుకూ పిల్లలకూ దూరంగా చీకట్లో ఉంచండి. మాటిమాటికీ మూత తీసి చూడటమే అందరూ చేసే పొరపాటు, ఆ బెదురుకే సగం పిట్టలు నీరసించిపోతాయి. గంటా రెండు గంటల్లో లోపల కదలిక వినబడితే, పొదలున్న చోట పెట్టెను నేల మీద పెట్టి మూత తీయండి. గాల్లోకి ఎగరేయకండి. చీకటి పడితే తెల్లవారేదాకా ఆగండి. రెక్క వేలాడుతున్నా, పిల్లి నోట పడినా ఆలస్యం చేయకుండా పశువైద్యుడికో అటవీ శాఖకో అప్పగించాలి. పిల్లి పంటి గాటు చిన్నదైనా చీము పడుతుంది.

ప్రశ్న: మా మామిడితోటలో చలికాలమంతా పొద్దునా సాయంత్రం రెండు స్వరాల ఈల వినిపిస్తుంది, పిట్ట మాత్రం కనిపించదు. అదేనా?
– ఒక రైతు, నూజివీడు

జవాబు: అదే కావచ్చు. తమిళులు దీన్ని ఆరుమణి కురువి, అంటే ఆరుగంటల పిట్ట అంటారు. ఈల వేసేటప్పుడు తల వెనక్కి వాల్చి, ముక్కు పైకెత్తుతుంది. మీరు కొమ్మల్లో వెతుకుతున్నట్టున్నారు. పగలంతా అది నేల మీదే, నీడలో గెంతుతూ ఎండుటాకులు ముక్కుతో తిరగేసి పురుగుల్నీ నత్తల్నీ వానపాముల్నీ ఏరుకుంటుంది. పొట్టితోక మెల్లగా పైకీ కిందికీ ఆడుతుంటుంది. కదలకుండా కూర్చుని, ఆకుల చప్పుడు వచ్చే వైపు చూడండి.

అన్నట్టు, శాస్త్రజ్ఞులు దీని ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకు, పెట్టిన పేరు ‘పిట్టా’ మన పిట్టే. 1713లో అచ్చయిన మద్రాసు పక్షుల వివరాల్లో ఈ తెలుగు పేరు చేరింది. 1816లో ఫ్రెంచి పక్షి శాస్త్రజ్ఞుడు వియ్యో దాన్నే ఖాయం చేశాడు.

తోటలో ఆకులన్నీ ఊడ్చి తగలబెట్టే అలవాటుంటే, గట్టు వెంబడి పొదల కింద మాత్రం వదిలేయండి. ఆకు లేని నేల మీద దీనికి మేత దొరకదు.