ఎండ తగలని మొక్కజొన్న రాశి వేడెక్కడం ఎందుకు?

సందేహం: వాన భయంతో మొక్కజొన్న గింజలను పూర్తిగా ఆరకముందే రాశి పోసి, పైన టార్పాలిన్ కప్పాను. నాలుగు రోజుల తరువాత రాశిలోకి చేయి పెడితే బాగా వేడిగా తగిలింది, టార్పాలిన్ లోపలి వైపు నీటి బొట్లు పట్టాయి. ఎండా వానా తగలని రాశిలో ఈ వేడి, ఈ తడి ఎక్కడివి?

సలహా: రెండూ రాశిలోనే పుట్టాయి. కంకి నుంచి వేరు చేసినంత మాత్రాన గింజ చనిపోదు. అందులోని మొలక కణాలు బతికే ఉండి, అందుకు కావలసిన శక్తి కోసం గింజలో దాచిన పిండిపదార్థాన్ని కొద్దికొద్దిగా ఖర్చు చేస్తూ ఉంటాయి. దీనినే శ్వాసక్రియ అంటారు. ఊపిరి తీయడమే శ్వాసక్రియ అని చాలామంది అనుకుంటారు గాని, అసలు పని కణం లోపల జరుగుతుంది.

ముందుగా పిండిపదార్థం గ్లూకోజుగా మారుతుంది. ఒక్కో గ్లూకోజు అణువు కణద్రవ్యంలో రెండు పైరూవిక్ ఆమ్ల అణువులుగా చీలుతుంది. ఇందుకు ఆక్సిజన్ అక్కరలేదు, కానీ దక్కేది రెండు ఏటీపీ అణువులు మాత్రమే (కణం తన పనులకు వాడుకునే శక్తిని మోసే అణువే ఏటీపీ). అసలు రాబడి కణంలోని శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియాలో ఉంది. అక్కడ పైరూవిక్ ఆమ్లంలోని కార్బన్ కార్బన్ డయాక్సైడుగా వెలువడుతుంది. ఆ ఆమ్లం నుంచి విడివడిన ఎలక్ట్రాన్లు ఒక వాహకం నుంచి మరొకదానికి చేతులు మారుతూ, దారిలో ఏటీపీ తయారీకి శక్తినిచ్చి, చివరకు ఆక్సిజన్‌ను చేరగా నీరు ఏర్పడుతుంది. ఈ విధంగా ఒక్క గ్లూకోజు నుంచి మొత్తం 30 నుంచి 32 ఏటీపీలు వస్తాయి. అయినా గ్లూకోజులోని శక్తిలో ఏటీపీకి చిక్కేది సుమారు మూడో వంతే. మిగిలినది వేడిగా పోతుంది.

లెక్కలో చూస్తే, 180 గ్రాముల గ్లూకోజు పూర్తిగా ఖర్చయినప్పుడు సుమారు 2,800 కిలోజౌళ్ల శక్తి, 264 గ్రాముల కార్బన్ డయాక్సైడు, 108 గ్రాముల నీరు వెలువడతాయి. మీ టార్పాలిన్‌కు పట్టిన బొట్లలో ఈ నీరూ ఉంది, తడి గింజల నుంచి ఆవిరై లేచిన తేమా ఉంది. ఈ ఖర్చు తూకంలోనూ తరుగుగా కనిపిస్తుంది.

గింజ ఒక్కటే ఇంత వేడిని పుట్టించలేదు. తేమ ఎక్కువైన రాశిలో బూజు పెరుగుతుంది, అది గింజకంటే ఎంతో వేగంగా శ్వాసిస్తుంది. వేడి, తేమ పెరిగిన కొద్దీ శ్వాసక్రియ ఇంకా వేగం అందుకుంటుంది, గాలి ఆడని రాశి నడుమ ఆ వేడి బయటికి పోలేదు.

కాబట్టి వాన లేని వేళ చూసి వెంటనే టార్పాలిన్ తీసి, రాశిని పలుచగా పరచి, తరచూ తిరగబెడుతూ ఆరబెట్టండి. తేమ 12 శాతానికి దిగితే శ్వాసక్రియ చాలా మందగిస్తుంది. అప్పుడే నిల్వ చేయండి. విత్తనానికి ఉంచదలచిన గింజను తడిగా ఉండగా గాలి చొరకుండా మూసి ఉంచకండి. ఆక్సిజన్ అందని కణాలు పులియబెట్టే మార్గం పట్టి రెండు ఏటీపీలతోనే గడపవలసి వస్తుంది, అందులో పుట్టే ఆల్కహాలు మొలకను దెబ్బతీస్తుంది.

ముక్కవాసన వచ్చిన, పచ్చని బూజు కనిపించిన గింజలను వేరు చేయండి. వాటిలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉండే ప్రమాదం ఉంది, ఎండబెట్టినా ఆ విషం పోదు. పశువులకు, కోళ్లకు కూడా వాటిని మేపవద్దు.