ఎమర్జెన్సీ ఫండ్‌తో కారు కొన్నారు, ఇప్పుడు ఇంటి మీద అప్పు చేస్తారా?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నాకు 38 ఏళ్లు, హెచ్‌1బి మీద ఉద్యోగం. గ్రీన్ కార్డుకు ఇంకా చాలా ఏళ్లు పట్టేలా ఉంది. నా భార్య ప్రస్తుతం ఉద్యోగం చేయడం లేదు. ఇద్దరు పిల్లలు. నెలకు చేతికి 9,400 డాలర్లు వస్తాయి, మార్ట్‌గేజ్‌తో కలిపి ఖర్చు 6,800. మార్చిలో బోనస్ 8,000 దాకా వస్తుంది. మజిల్ కార్లంటే నాకు చిన్నప్పటి నుంచి పిచ్చి. ఈ మధ్యే 32,000 పెట్టి 1970 నాటి షెవర్లే షెవెల్ కారు కొన్నాను. పాత ఓనర్ దాన్ని డ్రాగ్ రేసుల (కొద్ది దూరం నేరుగా దూసుకెళ్లే పందేల) కోసం మార్పించుకున్నాడు. ఏసీ, వెనక సీటు లేవు, లోపల రోల్ కేజ్ (బోల్తా పడితే కాపాడే పైపుల చట్రం) ఉంది, హైవే మీద గంటసేపు నడిపినా తల పగిలిపోతుంది. పిల్లలతో టెక్సస్‌లోనే ఉన్న హిల్ కంట్రీ దాకా హాయిగా వెళ్లొచ్చేలా చేయించాలని కోరిక. షాపువాళ్లు 45,000 అవుతుందన్నారు. సేవింగ్స్‌లో 9,000 మిగిలాయి, 401కెలో (ఆఫీసు ద్వారా రిటైర్మెంట్ కోసం దాచే ఖాతాలో) 1,10,000 ఉన్నాయి. కారుకు లయబిలిటీ పాలసీ ఉంది. లైఫ్ ఇన్సూరెన్స్ ఆఫీసువాళ్లు ఇచ్చేదే. హీలాక్ (ఇంటి మీద తీసుకునే అప్పు) మంచిదా, 401కె లోన్ మంచిదా?

జవాబు: రెండూ వద్దండీ. మీ కారు మీద నాకేం కోపం లేదు. కోరుకున్నది కొనుక్కున్నారు, సంతోషం. కానీ ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరు అమరావతిలో ప్లాట్ కొంటారు, ఇంకొకరు బోటు కొంటారు. దాచుకున్నదంతా దానికే పోశాక, మిగతా పనికి ఏ అప్పు చవక అని అడుగుతారు. వచ్చే నెల జీతం పడకపోతే ఇల్లు ఎలా గడుస్తుందన్న లెక్క ఎవరి ఉత్తరంలోనూ ఉండదు. మీ ఉత్తరంలోనూ లేదు. అందుకే మీకు జవాబు రాస్తున్నాను.

హెచ్‌1బి మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్ పీరియడ్. ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) గడువు అంతకంటే ముందే ముగిస్తే అప్పటిదాకే. ఆ రెండు నెలల్లో కొత్త కంపెనీ మీ తరఫున పిటిషన్ వేయాలి, లేదా మీరు స్టేటస్ మార్చుకోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. లాయర్ ఫీజు, నలుగురికి టికెట్లు, ఇల్లు ఖాళీ చేసే ఖర్చు అప్పుడే ఒకేసారి మీద పడతాయి. మీ 9,000 డాలర్లు నెలా పది రోజులకు సరిపోతాయి. అది కూడా ఇప్పటి ఖర్చుల లెక్కన. ఉద్యోగం పోయిన నెలలో ఖర్చు పెరుగుతుంది. ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్‌ను కోబ్రా అనే చట్టం కింద కొనసాగించుకుంటే కంపెనీ కట్టే వాటా కూడా మీరే కట్టాలి, పైన 2 శాతం అడ్మిన్ ఫీజు. కుటుంబానికి అది నెలకు 2,000 డాలర్లు దాటడం మామూలే. అంటే మీ ఎమర్జెన్సీ నెల ఖర్చు 6,800 కాదు, 8,800. ఒకే జీతం, వీసా మీద ఉద్యోగం, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి ఆరు నెలల ఖర్చు కంటే తక్కువ ఎమర్జెన్సీ ఫండ్ పెట్టుకోవడానికి నేను ఒప్పుకోను. అది 52,800. మీకు ఇంకా 43,800 కావాలి. నెలకు మిగిలే 2,600, ఒక మార్చి బోనస్ కలిపి అటే పంపితే 14 నెలలు పడుతుంది. ఈ 14 నెలలు కారు పని మీద కొత్తగా ఒక్క డాలరు కూడా పెట్టకండి.

అవసరమైతే కారు అమ్మేస్తానని మీరు అనుకుంటూ ఉండవచ్చు. ఇంజిన్ బయట, సీట్లు మూలన, వైరింగ్ సగంలో ఉన్న కారును పూర్తి ధరకు ఎవరూ కొనరు. పైగా టెక్సస్ చట్టం ప్రకారం బిల్లు కట్టేదాకా కారును తన దగ్గరే ఉంచుకునే హక్కు షాపుకు ఉంటుంది. జీతం ఆగిన నెలలో 15,000 బిల్లు పెండింగ్‌లో ఉంటే, మీరు అమ్ముదామనుకున్న కారు మీ చేతిలోనే ఉండదు.

401కె లోన్ సంగతి. మన డబ్బు మనమే తీసుకుంటున్నాం కదా, వడ్డీ కూడా మన ఖాతాకే కదా అని అందరూ అంటారు. ఉద్యోగం ఉన్నంత కాలమే ఆ మాట. ఉద్యోగం పోయి, చాలా ప్లాన్లలో జరిగినట్టు లోన్‌ను మీ బ్యాలెన్స్‌లోంచి తీసేస్తే, మరుసటి ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోగా ఆ మొత్తాన్ని ఐఆర్‌ఏలో (సొంత రిటైర్మెంట్ ఖాతాలో) వేయాలి. వేయలేకపోతే అది విత్‌డ్రా కింద లెక్క: ఇన్‌కమ్ ట్యాక్స్, మీ వయసుకు 10 శాతం పెనాల్టీ. 22 శాతం స్లాబులో ఉంటే 45,000 మీద 14,400 పోతాయి. జీతం లేని ఏడాదే ఆ బిల్లు వస్తుంది. ఇంత రిస్కు ఉన్న అప్పు కారు సీట్ల కోసమా?

హీలాక్ అంటే పిల్లలు పడుకునే ఇంటిని తాకట్టు పెట్టడం. చాలావరకు వడ్డీ ప్రైమ్ రేటును (బ్యాంకులు ఆధారంగా తీసుకునే మూల వడ్డీ రేటును) బట్టి మారుతుంది. 2022 మొదట్లో 3.25 శాతం ఉన్న ప్రైమ్ రేటు 2023 జూలైకల్లా 8.5 అయింది. పర్సనల్ లోన్ మాట ఎత్తకండి.

ఇక కారు. షాపు చెప్పిన 45,000 ఖరారు కొటేషనా, ఊరికే అంచనానా? టైమ్ అండ్ మెటీరియల్ పద్ధతిలో (పట్టినన్ని గంటలకు, వాడిన సామానుకు బిల్లు వేసే పద్ధతిలో) రాసిచ్చి ఉంటే ఆ అంకెకు విలువ లేదు. డ్రాగ్ కారులో ఒకటి కదిలిస్తే నాలుగు కదులుతాయి. డిఫరెన్షియల్‌లో 4.56 గేర్, ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజిన్‌ను నెమ్మదిగా తిరగనిచ్చే గేర్) లేని గేర్‌బాక్స్, 28 అంగుళాల టైరు ఉంటే 70 మైళ్ల వేగంలో ఇంజిన్ 3,800 ఆర్‌పీఎం దగ్గర అరుస్తూ ఉంటుంది. మీ తలనొప్పికి మూలం బహుశా అదే. 4ఎల్80ఇ లాంటి ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్స్, 3.55 గేర్ వేస్తే అదే వేగంలో 2,200కి దిగుతుంది. అసలు హాయి అక్కడే వస్తుంది. దాని తర్వాతే ఏసీ, సౌండ్ డెడెనింగ్, మెత్తటి స్ప్రింగులు. ఇంజిన్ కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి, ఇంధనం ఎన్ని రెట్లు నొక్కుకుంటాయన్న లెక్క) 13 చుట్టూ ఉంటే బంకులో దొరికే 93 ఆక్టేన్ పనికిరాదు, పిస్టన్లు, క్యామ్ మార్చాలి. అక్కడే బడ్జెట్ పేలిపోతుంది. కాబట్టి అన్నిటికంటే ముందు కంప్రెషన్ ఎంతో తేల్చుకోండి. వెనక వెడల్పు టైర్ల కోసం ఫ్లోర్ కోసి ఉంటే ఒరిజినాలిటీ చూసే కలెక్టర్లు మంచి ధర ఇవ్వరు. మీరు పెట్టే 45,000 తిరిగి వస్తాయని లెక్క వేసుకోకండి. ఈ కారును ఉన్నదున్నట్టు డ్రాగ్ రేసులవాళ్లకు అమ్మేసి, ఎవరో ఇప్పటికే పూర్తి చేయించిన క్రూజర్ (హాయిగా తిరగడానికి తయారుచేసిన కారు) కొనడం చాలాసార్లు చవక. అది కూడా ఫండ్ నిండాకే.

ఫండ్ నిండాక ఈ కారే కావాలనిపిస్తే దశలుగా చేయించండి, ఏ దశ డబ్బు ఆ దశకు ముందే చేతిలో ఉండాలి. మొదటిది బ్రేకులు, త్రీ పాయింట్ బెల్టులు, రోల్ కేజ్ సంగతి తేల్చడం. హెల్మెట్ లేకుండా తిరిగే రోడ్డు మీద చిన్న యాక్సిడెంట్‌లోనూ తల ఆ పైపులకు తగులుతుంది. దాన్ని తేల్చేదాకా పిల్లలను ఎక్కించకండి.

ఈ 14 నెలల్లో రెండు ఖర్చులు మాత్రం ఆపొద్దు. ఒకటి, లయబిలిటీ పాలసీతో కారు దొంగతనమైనా, కాలిపోయినా మీకు పైసా రాదు. కలెక్టర్ కార్లకు ఇచ్చే అగ్రీడ్ వాల్యూ పాలసీ (కారు విలువ ముందే ఒప్పుకుని రాసే పాలసీ) తీసుకోండి. రోల్ కేజ్ ఉందని, పని చేయించబోతున్నారని ముందే చెప్పండి. రెండోది ఇంకా ముఖ్యం. ఆఫీసు ఇచ్చే లైఫ్ ఇన్సూరెన్స్ సాధారణంగా ఉద్యోగంతోపాటే పోతుంది. జీతానికి కనీసం పది రెట్లు వచ్చేలా సొంతంగా టర్మ్ పాలసీ తీసుకోండి. మెడికల్ టెస్టుకు ఈ నెలలోనే అపాయింట్‌మెంట్ పెట్టుకోండి. షాపుకు ఇంకా డిపాజిట్ ఇచ్చి ఉండకపోతే ఇవ్వకండి. ఇచ్చి ఉంటే పని మొదలుపెట్టకముందే ఫోన్ చేసి ఆపించండి.