అడగండి చెబుతాం: శాంటా క్లారా కౌంటీ ఉద్యోగాల లెక్క

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో కంప్యూటర్ సైన్స్ ఎం.ఎస్. చేస్తోంది, రెండో సెమిస్టర్. ఈ మధ్య మా వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆ ఊరున్న శాంటా క్లారా కౌంటీ ఉద్యోగాల పట్టిక పెట్టారు. అందులో సాఫ్ట్‌వేర్ తగ్గినట్టు, వైద్యం పెరిగినట్టు ఉంది. అప్పట్నుంచి మా ఆయనకి నిద్ర లేదు, కోర్సు మార్చుకోమని అమ్మాయితో రోజూ ఫోన్లో గొడవే. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు ఆయన్ని ఆ గ్రూపు కాస్త మ్యూట్‌లో పెట్టమనండి. పట్టిక అబద్ధమని కాదు. కంపెనీలు నిరుద్యోగ బీమా కోసం మూడు నెలలకోసారి ప్రభుత్వానికి ఇచ్చే వివరాల్లోంచి తీసే లెక్క అది, గట్టిదే. చిక్కల్లా ఎవర్ని ఏ గడిలో వేశారన్న దగ్గరే. మనిషి చేసే పనిని బట్టి కాదు, ఆ ఆఫీసు ప్రధాన వ్యాపారాన్ని బట్టి గడి. చిప్‌ల కంపెనీలో కూర్చుని కోడ్ రాసే అమ్మాయి తయారీ రంగంలోకి పోవచ్చు, అదే అమ్మాయి ఆసుపత్రి ఐటీ విభాగంలో చేరితే వైద్యం పెరిగినట్టు కనిపిస్తుంది. ఇంటెల్ శాంటా క్లారాలో మిగిలిన చివరి చిప్ ఫ్యాక్టరీని ఆపేస్తున్నామని 2009లోనే చెప్పింది, అయినా ఆ కౌంటీలో తయారీ రంగం ఇప్పటికీ పెద్దదిగానే కనిపిస్తుందంటే కారణం ఇదే, అక్కడ చాలామంది చేసే పని తయారీ కాదు, డిజైను.

ఇక వైద్యం. ఆ గడి పూర్తి పేరు వైద్యం, సామాజిక సేవ. డాక్టర్లు, నర్సులతో పాటు పిల్లల్ని చూసే డే కేర్ వాళ్ళు, ముసలివాళ్ళకి ఇంటికొచ్చి స్నానం చేయించి అన్నం పెట్టేవాళ్ళు కూడా అందులోనే. ఇలా ఇంటికొచ్చి చూసుకునేవాళ్ళలో చాలామందిని 2013లో వేరే గడిలోంచి తెచ్చి ఇందులో వేశారు, అంటే ఆ జనవరిలో కాలిఫోర్నియాలో ఒక్కసారిగా ఎన్నో కొత్త ఉద్యోగాలు పుట్టినట్టు కనిపించినా నిజానికి పుట్టలేదు. వయసు మళ్ళినవాళ్ళు ఎక్కువవుతున్నారు కాబట్టి ఆ తర్వాత పెరుగుదల ఉన్న మాట నిజం, కానీ అందులో పెద్ద వాటా తక్కువ జీతాలది. పైగా మీ అమ్మాయి చదువు అయ్యాక ఓపీటీ (విదేశీ విద్యార్థులు కొన్నాళ్ళు పనిచేయడానికి ఇచ్చే అనుమతి) మీద చేసే ఉద్యోగం చదివిన సబ్జెక్టుకి సంబంధించిందే అయి ఉండాలి. కంప్యూటర్లు చదివి నర్సు కావడం కుదరదు!

ఆ కౌంటీకి ఇదేం కొత్త కాదు. ఒకప్పుడు అదంతా ఆప్రికాట్, ప్రూన్ తోటలు, పళ్ళు డబ్బాల్లో పెట్టే క్యానరీలు, సీజన్‌లో వాటిలో ఎక్కువగా ఆడవాళ్ళే. 1956లో క్షిపణులు చేసే లాక్‌హీడ్ సన్నీవేల్‌కి, 1957లో చిప్‌ల కంపెనీ ఫెయిర్‌చైల్డ్, 1968లో ఇంటెల్ వచ్చాయి, తోటలు ప్లాట్లయ్యాయి. శాన్ హోసేలో డెల్ మాంటే చివరి క్యానరీ 1999 దాకా నడిచిందంటే ఒక పక్క డాట్‌కామ్ కంపెనీలు, ఇంకో పక్క పళ్ళ డబ్బాలు ఒకే ఊళ్ళో ఉన్నాయన్నమాట. (సన్నీవేల్‌లో పళ్ళ డబ్బా బొమ్మ వేసిన పాత నీళ్ళ ట్యాంకు ఇప్పటికీ ఉంది, అమ్మాయిని ఫోటో తీసి పంపమనండి.) ఆ వెంటనే 2001 నుంచి రెండు మూడేళ్ళలో రెండు లక్షలకు దగ్గరగా ఉద్యోగాలు పోయాయి, మళ్ళీ 2000 నాటి స్థాయికి రావడానికి పదేళ్ళ పైనే పట్టింది. కాబట్టి మీ ఆయన భయం ఉత్తదని నేను అనను. కాకపోతే కోర్సు మార్చే ముందు సీనియర్లలో ఎవరు ఏ కంపెనీలో, ఏ పనిలో కుదిరారో అమ్మాయిని కనుక్కోమనండి. పట్టిక కన్నా అది నయం.

ప్రశ్న: కన్సల్టెన్సీ తరఫున సన్నీవేల్‌లో క్లయింట్ దగ్గర మూడేళ్ళు చేశాను, హెచ్-1బి. ప్రాజెక్టు అయిపోయింది. కౌంటీ లెక్కలో మా రంగం నిలకడగానే ఉందంటున్నారు, మరి నాకు ఒక్క ఇంటర్వ్యూ కూడా రావట్లేదేం? టెన్షన్‌తో చస్తున్నా.
– సన్నీవేల్ పాఠకుడు

జవాబు: ఆ లెక్క మన చేతికి వచ్చేసరికి ఐదారు నెలల పాతది బాబూ. అదీగాక వంద మంది పోయి వంద మంది చేరితే మార్పు సున్నా, పోయిన వంద మంది దాంట్లో కనపడరు. మీరు లెక్కకొచ్చేది కూడా క్లయింట్ గడిలో కాదు, జీతమిచ్చే కన్సల్టెన్సీ గడిలో. ఇదంతా పక్కన పెట్టండి. మీకు ముఖ్యమైన అంకె 60 రోజులు, ఉద్యోగం పోయాక అమెరికాలో ఉండనిచ్చే గడువు అది, అది కూడా ప్రాజెక్టు అయిన రోజు నుంచి కాదు, ఉద్యోగం పోయిన రోజు నుంచి (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 పత్రం గడువు ముందే ముగిస్తే అంతవరకే). మిమ్మల్ని ఉద్యోగంలో ఉంచుకుని బెంచ్ మీద కూర్చోబెడితే వాళ్ళు జీతం ఇచ్చి తీరాలి. ఏ తేదీతో తీసేశారో కాగితం మీద రాయించుకోండి, దాంతో ఇవాళే లాయర్ని కలవండి. వెతికేటప్పుడు కౌంటీ గీత చూసుకోకండి, పక్కనే ఉన్న ఫ్రీమాంట్ వేరే కౌంటీ.

ప్రశ్న: కౌంటీ అంటే మన జిల్లాయేనా?
– రిటైర్డ్ టీచర్, ఖమ్మం

జవాబు: మ్యాప్ మీద ఇంచుమించు అంతే మాస్టారూ, కాకపోతే పైనుంచి పంపిన కలెక్టరు ఉండరు. శాంటా క్లారాలో ఐదుగురు సూపర్‌వైజర్లను జనమే ఎన్నుకుంటారు. ఇంకో సంగతి, పైన చెప్పిన లెక్క ఇల్లు ఉన్న చోటుది కాదు, పని ఉన్న చోటుది. ఖమ్మంలో కాపురం ఉండి రోజూ కొత్తగూడెం వెళ్ళొచ్చేవారి ఉద్యోగం కొత్తగూడెం లెక్కలో పడ్డట్టు. అద్దెలు భరించలేక దూరంగా వేరే కౌంటీలో ఉన్న ట్రేసీలో ఇల్లు కొనుక్కుని, తెల్లారకముందే కారెక్కి సన్నీవేల్ వచ్చే మనవాళ్ళంతా శాంటా క్లారా లెక్కే.